అంకెల మధ్య ఖాళీ ఎవరిది?

(బండి, బాట, చట్టం: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి 2022లో మోటారు సైకిలు కొన్నాము. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. నంబరు చివర 8055 వచ్చింది. వాడు సంబరపడిపోయి, బండితో వచ్చిన ప్లేటు ఊడదీయించి రేడియం షాపులో ఇంకొకటి చేయించాడు. అందులో ‘ఏపీ 39’, దాని వెనకాల రెండక్షరాలు గోరంత ఉంటాయి, 8055 మాత్రం కొండంత. 8 ఇంగ్లీషు ‘బీ’లా, సున్నా ‘ఓ’లా, రెండు 5లు ‘ఎస్‌’లలా కనపడేటట్టు దగ్గరగా నొక్కించాడు. దూరం నుంచి చూస్తే ‘బాస్’ అని రాసినట్టే ఉంటుంది. మొన్న బెంజి సర్కిల్ దగ్గర ఎవరో ఫొటో తీశారు, నా ఫోనుకు ఈ-చలానా వచ్చింది. ఒక్క అంకె కూడా మార్చలేదు కదా, ఖాళీలు కాస్త జరిపితే నేరమా? ఇది జైలు కేసు అని వాడి స్నేహితులు భయపెడుతున్నారు. బండికి ప్రమాదం జరిగితే బీమా రాదని కూడా అంటున్నారు.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీరు ‘ఒక్క అంకె కూడా మార్చలేదు’ అన్న మాట నేను ఉద్యోగంలో కొన్ని వేలసార్లు విన్నాను. ఆ రోజుల్లో నా చొక్కా జేబులో పెన్ను పక్కన ఆరంగుళాల స్టీలు స్కేలు ఒకటి ఉండేది. బ్రేకు ఇన్‌స్పెక్టరు స్కేలుతో ఏం కొలుస్తాడని జనం నవ్వుకునేవారు. కొలిచేది ఈ ఖాళీలనే.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లో వచ్చింది. అందులో 50వ నియమం ప్లేటు ఎలా ఉండాలో చెబుతుంది, 51వ నియమం అక్షరాల కొలతలు చెబుతుంది. మోటారు సైకిలు ముందు ప్లేటు మీద అక్షరమైనా అంకె అయినా 30 మిల్లీమీటర్ల ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. వెనక ప్లేటు మీద అక్షరాలు 35, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు; రెండింటికీ మందం 7, ఖాళీ 5. కార్లకూ లారీలకూ లెక్క సులువు: 65 ఎత్తు, 10 మందం, 10 ఖాళీ. ఎత్తు ఎంత ముఖ్యమో ఖాళీ కూడా అంతే ముఖ్యం కనుక ఒకే పట్టికలో, ఒకే వరుసలో రాశారు. మీ అబ్బాయి ప్లేటులో ‘ఏపీ 39’ గోరంత అన్నారు కాబట్టి ఖాళీ దాకా వెళ్లకుండానే అది తప్పింది.

అసలు తప్పు అంతకంటే ముందే జరిగింది. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి బండికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం పలక, మూలన హోలోగ్రాము, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడిరాని తాళం, ఇవన్నీ దానికి ఉంటాయి. ఆ తాళం తనంతట తాను విరగదు. కనుక ‘తెలియక జరిగింది’ అని మీ వాడు చెబితే వినేవాడు నమ్మడు. రేడియం షాపు వాళ్లు చేసిచ్చే పలక ఎంత అందంగా ఉన్నా చట్టం దృష్టిలో అది నంబరు ప్లేటు కాదు, బండికి తగిలించిన బొమ్మ.

ఇక శిక్ష సంగతి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది వకీళ్లు కూడా దీన్ని దాటేసి పోతారు. నియమం తప్పినందుకు మామూలుగా వేసేది మోటారు వాహనాల చట్టం 177వ సెక్షను. 2019 సవరణ తర్వాత దాని కింద మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ చేస్తే 1,500. అయితే 39వ సెక్షను ఒకసారి తీరిగ్గా చదవండి. బండి రిజిస్టరై ఉండాలి అని చెప్పి ఊరుకోదు. ఆ నంబరును ‘నిర్దేశించిన రీతిలో’ ప్రదర్శించాలి అని కూడా అదే వాక్యంలో అంటుంది. అంటే రీతి తప్పిన ప్లేటుతో తిరిగే బండిని రిజిస్ట్రేషన్ లేని బండితో ఒకే గాట కట్టడానికి వీలుంది. అలా కడితే వర్తించేది 192వ సెక్షను: మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా, రెండోసారికి 5,000 నుంచి 10,000 దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు, లేదా రెండూ. చలానా మీద ఏ సెక్షను రాశారో ముందు అది చూసుకోండి. అక్కడికక్కడ కట్టించుకునే మొత్తాలను రాష్ట్రాలు వేరుగా నిర్ణయించుకుంటాయి కనుక మీ చలానాలో అంకె వేరేగా ఉన్నా కంగారు పడవద్దు.

ఖాళీలు జరిపినందుకు జైలుకు వెళ్లినవాడిని నా ఉద్యోగంలో నేను చూడలేదు. జైలు దాకా పోయే దారి వేరే ఉంది. కెమెరాకు దొరకకుండా చివరి అంకె మీద మాస్కు తగిలించడం, ప్లేటును పైకి మడవడం, 3ను 8గా దిద్దడం వంటి పనులు చేసినవారి మీద హైదరాబాద్‌లో పోలీసులు ఏకంగా మోసం కేసులే పెట్టారు. అప్పట్లో అది ఐపీసీ 420. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను. మీ వాడిది సరదా, వాళ్లది దొంగతనం. కానీ ఫొటోలో రెండూ ఒకేలా కనపడతాయి, అదే ఇబ్బంది.

ఆర్‌సీ మీ పేరు మీద ఉంది కాబట్టి చలానా మీకే వస్తుంది. బండి నడపనిచ్చిన యజమానిని కూడా 39వ సెక్షను వదలదు. బీమా విషయంలో మాత్రం స్నేహితులు చెప్పినంత భయం లేదు. మీ బండి ఎవరినైనా గుద్దితే, బాధితుడికి డబ్బు ఇవ్వకుండా కంపెనీ తప్పించుకోగల కారణాలు 150వ సెక్షనులో ఉన్నాయి. నంబరు ప్లేటు ఖాళీలు ఆ జాబితాలో లేవు.

ఈ 8055 గురించి నాకొక పాత బాకీ ఉంది, చెప్పనివ్వండి. నేను పనిచేసిన ఒక జిల్లాలో, హైవే పక్కన సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయనను కారు గుద్ది ఆగకుండా పోయింది. చూసిన మనిషి ఒక్కరే, ఎదురుగా టీ బండి నడిపే ఆమె. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు బాగా వచ్చు. ముప్పై మంది ఖాతాలు నోటి మీద చెప్పగలదు. ఎస్సై నంబరు అడిగితే, ‘దానికి నంబరు లేదయ్యా, ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉంది’ అంది. ఆయన విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. పదకొండో రోజున ఒక షెడ్డులో బంపరు మార్చడానికి వచ్చిన కారు దొరికింది. ప్లేటు మీద 8055, మీ వాడి పద్ధతిలోనే. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ పదకొండు రోజులూ పెద్దాయన కొడుకులు ఆసుపత్రికీ స్టేషనుకూ తిరుగుతూనే ఉన్నారు.

చలానా కట్టేయండి. హై సెక్యూరిటీ ప్లేటు మళ్లీ కావాలని బండి కొన్న డీలరు దగ్గర దరఖాస్తు పెట్టండి, లేదా అధికారిక వెబ్‌సైటులో బుక్ చేసుకోండి. పాత పలక ఇంట్లోనే ఉంటే తెచ్చి తీగతో కట్టవద్దు, తాళం పోయినది పనికిరాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ల పాత కారు కొన్నాడు. ఎంఓటీ అనే పరీక్షకు తీసుకెళ్తే ఇంజను, బ్రేకులు బాగున్నాయని చెప్పి, నంబరు ప్లేటులో ఖాళీ సరిగా లేదని ఫెయిలు చేశారట. పాత యజమాని తన పేరులా కనపడాలని అక్షరాలు జరిపించాడట. వెయ్యి పౌండ్ల జరిమానా ఉంటుందని వాడి గదిలో అబ్బాయి చెప్పాడట. లక్ష రూపాయలు దాటుతుంది కదండీ! ఎవరో చేసిన తప్పుకు వీడు కట్టాలా? వీసాకు ఏమైనా అడ్డమా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఊపిరి పీల్చుకోండి. వెయ్యి పౌండ్లు గరిష్ఠం, అది కోర్టు దాకా వెళ్తే. రోడ్డు మీద పోలీసు ఆపితే సాధారణంగా ఇచ్చేది 100 పౌండ్ల ఫిక్స్‌డ్ పెనాల్టీ. మీరు రాసిన ప్రకారం మీ అబ్బాయిని ఎవరూ ఆపలేదు, పరీక్షలో మాత్రమే పట్టుకున్నారు. ఎంఓటీ ఫెయిలైతే జరిమానా పడదు, సరిచేసి మళ్లీ చూపించాలి, అంతే.

ఖాళీ గురించి ఆ దేశం వారికి ఉన్న పట్టింపు మనకు లేదు. 2001 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం అక్కడి ప్లేటు మీద మొదట రెండక్షరాలు, తర్వాత రెండంకెలు, చివర మూడక్షరాలు. ప్రతి అక్షరం 79 మిల్లీమీటర్ల ఎత్తు, 50 వెడల్పు, గీత మందం 14. అక్షరానికీ అక్షరానికీ మధ్య 11 మిల్లీమీటర్లు. నాలుగో గుర్తు తర్వాత మాత్రం 33 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా మూడింతలు. ఆ ఒక్క పెద్ద ఖాళీ ఎక్కడ ఉందో చూసి మనిషి కన్ను నంబరును రెండు ముక్కలుగా గుర్తుపెట్టుకుంటుంది. పాత యజమాని ఆ ఖాళీనే తీసుకెళ్లి వేరేచోట పెట్టాడు. అక్కడ ప్రభుత్వ సంస్థే 1989 నుంచి ఫ్యాన్సీ నంబర్లు వేలం వేస్తోంది, మన ఖైరతాబాద్‌లో 9999 కోసం ఎగబడినట్టే జనం కొంటారు. కొన్న నంబరు పేరులా చదవబడాలంటే ఒక అక్షరం కాస్త పక్కకు జరగాలి, అక్కడే దొరికిపోతారు. మొండికేస్తే ఆ నంబరునే వెనక్కి తీసుకునే అధికారం కూడా వాహనాల శాఖకు ఉంది, వేలంలో ఎంత పోసి కొన్నా సరే.

‘ఎవరో చేసిన తప్పు’ అన్నారు. నాకూ మీ మాట న్యాయంగానే తోస్తుంది, కానీ అక్కడి చట్టం ప్లేటు చేయించినవారి కోసం వెతకదు. ఆ ప్లేటుతో రోడ్డెక్కినవారిని అడుగుతుంది. కనుక ఈరోజే మార్పించమనండి. పని చిన్నది. రిజిస్టరైన ప్లేటు తయారీదారు దగ్గరికి తన గుర్తింపు పత్రం, ‘వీ5సీ’ అనే లాగ్‌బుక్ తీసుకుని వెళ్తే చాలు. ఆ రెండూ అడగకుండా చేసిస్తామనే చోట చేయించవద్దని గట్టిగా చెప్పండి. ‘ప్రదర్శనకు మాత్రమే’ అని మూలన చిన్నగా రాసి అమ్మే ప్లేట్లు అలాంటివే. సరైన ప్లేటు మీద చేసిన దుకాణం పేరు, పోస్టుకోడు ఉంటాయి. 2021 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేసే ప్లేట్లకు ప్రమాణాలు ఇంకాస్త బిగించారు.

వీసా విషయం: ఈ తప్పుకు డ్రైవింగ్ లైసెన్సు మీద పాయింట్లు పడవు. ఒకవేళ ఎప్పుడైనా జరిమానా పడితే గడువులోపల కట్టి రసీదు దాచుకోమనండి, కట్టకుండా వదిలేస్తే అది కోర్టుకు వెళ్తుంది. దరఖాస్తులో జరిమానాల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి. దాచిన వంద పౌండ్లు కట్టిన వంద పౌండ్ల కంటే ఎక్కువ చేటు చేస్తాయి.

మరొక్క మాట. నాలుగేళ్ల కారును అక్కడ ఏటేటా పరీక్షకు పంపుతారు. మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది, అప్పటిదాకా దాని మొహం చూసేవాడు లేడు. అందుకే ఇక్కడ వంకర ప్లేట్లు పదిహేనేళ్లు హాయిగా తిరుగుతాయి.

ప్రశ్న: నా కారు నంబరు ‘టీఎస్’తో ఉంది. ఇప్పుడు రాష్ట్రం కోడ్ ‘టీజీ’ అయింది కదా, స్టిక్కరు వేసి మార్చుకోవచ్చా? మా వీధిలో ఇద్దరు మార్చుకున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మార్చుకోకూడదు. ‘టీజీ’ 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరైన బండ్లకే. మీ ఆర్‌సీలో ‘టీఎస్’ ఉన్నంతకాలం ప్లేటు మీదా ‘టీఎస్’ ఉండాలి. రాష్ట్రాభిమానం ఎక్కడైనా చూపించండి, ప్లేటు మీద మాత్రం వద్దు. మీ వీధిలో ఆ ఇద్దరి బండ్లకు ఇప్పుడు రికార్డులో లేని నంబర్లు ఉన్నాయి. రేపు అవి చోరీకి గురైతే ఫిర్యాదులో ఏ నంబరు రాయిస్తారో అడిగి చూడండి.

ప్రశ్న: దసరాకు బండ్లకు పూజ చేసి నంబరు ప్లేటు మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాము, దండ వేస్తాము. దీనికి కూడా చలానా రాస్తారా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: నంబరు చదవడానికి వీలులేకుండా ఉంటే రాయవచ్చు. బొట్టు అంకె మీద పడితే 1 కూడా 4లా కనపడుతుంది, కెమెరాకు భక్తి తెలియదు. హెడ్‌లైటు మీద పెట్టండి, స్టీరింగు మీద పెట్టండి, బానెట్ నిండా పెట్టండి. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించేస్తారు కనుక వాటితో పేచీ లేదు. దండ మాత్రం సాయంత్రానికి తీసేయండి. ఒకసారి చెక్‌పోస్టులో ఎండిపోయిన బంతిపూల దండ ముందు నంబరు మీద వేలాడుతున్న లారీని ఆపాను. దసరా వెళ్లి అప్పటికి నెల దాటింది. ఎందుకు తీయలేదంటే, ‘మంచి ముహూర్తం చూసి తీద్దామని సార్’ అన్నాడు డ్రైవరు. ముహూర్తం అదేనని చెప్పి, అక్కడే తీయించి పంపాను.