వెనకున్న బజారును చెరపకండి

(పాత ఫొటోలను కాపాడుకోవడం మీద పాఠకుల ప్రశ్నలకు, కర్నూలు పాతబస్తీలో చాలాకాలం స్టూడియో నడిపిన ఫొటోగ్రాఫర్ జవాబులు)

ప్రశ్న: అయ్యా, మా జేజి, జేజినాయన పసివాడైన మా నాయనను ఎత్తుకొని కొండారెడ్డి బురుజు ముందు దిగిన ఫొటో ఒకటుంది. 2009 వరదలో ఫ్రేముతో సహా మునిగింది. ఇప్పుడు ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. ఏ ఏడాది తీశారో ఎవరికీ గుర్తులేదు. వెనక అంగళ్లు, జనం అడ్డంగా ఉన్నారని, అదంతా తీసేసి రంగులు వేయించి పెద్దది చేయిద్దామని మా తమ్ముడు అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడితో మాట్లాడి ఆ పని ఆపించండి. మిగతాది నిదానంగా చూద్దాం.

అతుక్కున్న ఫొటోను లాగొద్దు, సందులో చాకు దూర్చొద్దు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ ఉండేది కాగితం మీద పూసిన జిలెటిన్ పొరలో. నీళ్లు తగిలితే ఆ పొర ఉబ్బుతుంది, ఆరేటప్పుడు దేనికి ఆని ఉంటే దాన్నే పట్టుకుంటుంది. ఇప్పుడు లాగారంటే కాగితం మీ చేతికొస్తుంది, జేజి ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేము మేకులు పీకి, వెనక అట్ట తీసి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లా పెట్టండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. పల్చటి స్కానర్లలో అద్దం మందం వల్ల మసకగా రావచ్చు. అలా వస్తే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట పెట్టి, ఫోన్ వెనక నల్లగుడ్డ అడ్డం పట్టి తీయండి, మెరుపు పడదు. అంచుల్లో ఎండిన ఒండ్రును మెత్తటి కుంచెతో దులిపితే చాలు. లామినేషన్ మాత్రం వద్దే వద్దు. వేడి మీద అతికిన ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు.

రంగుల సంగతికొస్తే, కాపీ మీద వేయించుకోండి, తప్పులేదు. కాని యాప్ వేసే రంగు ఊహ మాత్రమే. ఆ రోజు కట్టుకున్న చీర ఏ రంగుదో జేజి ఉంటే ఆమెనే అడగండి.

అసలు నాకు బాధ కలిగించింది వెనకున్నదంతా తీసేద్దామన్న మాట. నేను నెగటివ్ టచింగ్, అంటే నెగటివ్ మీదే ముఖాలు దిద్దే పని, చేసినవాణ్ణి. గరుకు అద్దం బిగించిన వాలు బల్ల, కింద వెలుతురు పైకి తిప్పడానికి ఇంకో అద్దం, కంటికి భూతద్దం. నెగటివ్ మీద దూదితో మందు రుద్ది, గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖంలోని మచ్చలు, కళ్లకింద గుంతలు చుక్క చుక్కగా పూడ్చేవాళ్లం. పెళ్లికూతురి ఫొటో అయితే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి పాత ఫొటోల్లో ముఖాలను నేను పూర్తిగా నమ్మను. స్టూడియోలో వెనక కనిపించే తోట, మెట్లు తెర మీద గీసినవే. కాని మీ ఫొటో ఆరుబయట తీసింది. జేజి వెనకున్న బజారును ఎవరూ దిద్దలేదు. ఆ రోజు ఎలా ఉందో అలాగే పడింది. పాతబస్తీ అప్పుడు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం అదే.

ఏడాది కూడా అక్కడే దొరుకుతుంది. స్కాన్‌ను పెద్దది చేసి అంగళ్ల బోర్డులు చదవండి. మద్రాసు రాష్ట్రం అని ఉంటే ఆ బోర్డు 1953 అక్టోబరు 1కి ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే కర్నూలు రాజధానిగా ఉన్న రోజులది, అంటే 1956 అక్టోబరు ఆఖరు లోపలిది. ధర నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతిది. 1964లో ఆ ‘నయా’ తీసేశారు. పాత రాష్ట్రం పేరో, అణాలో కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు, పాత బోర్డులు మార్చకుండా వాడినవాళ్లు చాలామంది. ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందు తీసింది కానేకాదు. గోడమీద సినిమా పోస్టర్ కనిపిస్తే అంతకంటే మంచి ఆధారం లేదు, మన ఊరికి సినిమా కాస్త ఆలస్యంగా వచ్చి ఉండొచ్చని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లను ‘ఏ ఏడాది?’ అని అడిగితే తెలీదనే అంటారు. ‘ఈ అంగడి ఎవరిది? ఇక్కడ ఏం అమ్మేవాళ్లు? ఆ పక్కన నిలబడిందెవరు?’ అని అడగండి, ఫోన్‌లో రికార్డు పెట్టి. ఒక్కో పేరు వెనక నాలుగు పేర్లు వస్తాయి.

ప్రశ్న: మా నాయన స్టూడియో నెగటివ్‌లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. మూత తీస్తే పుల్లటి వాసన కొడుతోంది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే సరిపోతుందా?
– ఆదోని పాఠకుడు

జవాబు: సరిపోదు నాయనా. ఆ వాసన వెనిగర్‌లో ఉండే ఆమ్లానిది. ఎసిటేట్ ఫిల్ము, అంటే ఆ నెగటివ్‌ల ప్లాస్టిక్, తనంతట తాను కుళ్లిపోతోందని అర్థం, వేడికి, తేమకు అది ఇంకా ముదురుతుంది. వాసన వచ్చేవాటిని ఈరోజే వేరుచేయండి, పక్కనున్న మంచివాటినీ పాడుచేస్తాయి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి కాగితం కవర్లలో పెట్టండి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో ఉంచండి. వంకర తిరగడం మొదలైనవాటిని ముందుగా స్కాన్ చేయించండి. మీ ఆదోని ఎండలు తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, వచ్చే వేసవి దాకా ఆగొద్దు. ఇంకొక మాట. అవి గిరాకీల ఇంటి ఫొటోలు. జాతర, బజారు, పత్తి అంగళ్ల ఫొటోలు నలుగురికీ చూపండి. ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఆ కుటుంబాన్ని అడగకుండా బయట పెట్టొద్దు.

ప్రశ్న: రాజధాని రోజుల ఫొటోలు మా ఇంట్లో నాలుగైదు ఉన్నాయి. పెద్ద నాయకులెవరూ లేరు. ఎవరికైనా పనికొస్తాయా?
– నంద్యాల పాఠకురాలు

జవాబు: నాయకులు లేనివే కావాలమ్మా! 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించడం, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి కావడం పుస్తకాల్లో ఉంది. ఆఫీసులు గుడారాల్లో నడిచాయని అందరూ చెబుతారు. ఆ గుడారాలు పాతిందెవరు, మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాల కుటుంబాలు ఎవరి వసారాల్లో అద్దెకు దిగాయి, వాళ్లకు పాలు పోసిందెవరు? అవి మీలాంటివాళ్ల ట్రంకుపెట్టెల్లోనే ఉన్నాయి. అసలు ఫొటో ఎవరికీ ఇవ్వకండి. స్కాన్ తీసి, ఎవరు, ఎక్కడ అన్నది ఒక కాగితం మీద రాసి, ఆ కాపీని జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంట్లో ఉంచుకున్నదాని వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి. బాల్ పెన్ వాడితే అచ్చు ముందువైపు ముఖాల మీద తేలుతుంది.