మామూలుగా అడిగినా ఏఐ ఆడవాళ్లను గ్లామర్ బొమ్మల్లా గీస్తుందేం? ఫిల్టర్ ఎందుకు ఆపదు?

అభ్యంతరకరమైన బొమ్మల్ని ఆపడానికి ఏఐ యాప్‌లలో పెట్టే ఫిల్టర్ ప్రధానంగా వెతికేది నగ్నత్వాన్ని. స్త్రీని చూసి ఆనందించే వస్తువుగా చూపించడాన్ని అది పసిగట్టలేదు కాబట్టి ఆపదు.

బొమ్మ అలా రావడానికి అసలు కారణం శిక్షణలో ఉంది. ఉదాహరణకు బొమ్మలు గీసే ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లు 2022లో వచ్చిన లాయాన్-5బి అనే డేటాసెట్ నుంచి ఏరిన బొమ్మలతో నేర్చుకున్నాయి. అందులో వెబ్ నుంచి పోగేసిన సుమారు 585 కోట్ల బొమ్మ-వివరణ జతలున్నాయి. వెబ్‌లో ఆడవాళ్ల ఫొటోలంటే ప్రకటనలు, ఫ్యాషన్, గ్లామర్ ఎక్కువ. వయసు, బట్టలు, పని మనం చెప్పకపోతే మోడల్ ఆ ఖాళీని వాటితోనే నింపుతుంది.

"కోనసీమలో ఊడ్పులు వేస్తున్న ఆడవాళ్లు" అని అడిగారనుకోండి. తలకు తువ్వాలు, చీర మీద మగవాళ్ల పాత చొక్కా, మోకాళ్ల దాకా బురద ఉండాల్సిన చోట, మేకప్ చెదరని అమ్మాయి లోనెక్ జాకెట్‌తో కెమెరాకేసి చూస్తూ రావచ్చు. కొబ్బరిచెట్లు మాత్రం బాగానే వస్తాయి! రాసిన మాటల్లో నిషిద్ధ పదం లేదు, బొమ్మలో నగ్నత్వం లేదు. రెండు తనిఖీలూ పాస్. అదే రొమ్ము క్యాన్సర్ అవగాహన పోస్టర్ అడిగితే, ఒక్క పదం చూసి ఆపేసే ఫిల్టర్లూ ఉన్నాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఫిల్టర్ దాటిందంటే బొమ్మలో తప్పేమీ లేదనుకుంటారు. అది కంపెనీ పెట్టుకున్న కనీస హద్దు మాత్రమే. అశ్లీల చిత్రాన్ని ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ వర్తిస్తుంది, యాప్ ఒప్పుకున్నా సరే.