మొదటి శిలాజాల వేటలో ఏమీ దొరకలేదా? ముందు రాయి ఏదో చూడండి

రోజంతా గ్రానైట్ గుట్ట మీద తిరిగినా ఏమీ దొరకలేదని, దొరికిన ఒక్క ఆకు ముద్ర కూడా నిజమో కాదో తెలియట్లేదని రాశారు. నిరాశపడకండి, చిక్కంతా ఆ గుట్టలోనే ఉంది. గ్రానైట్ అంటే కరిగిన శిలాద్రవం భూమి లోపల గట్టిపడ్డ రాయి, అందులో శిలాజాలు ఉండవు. ఈసారి జియాలజీ మ్యాప్ చూసి సున్నపురాయి, షేల్, ఇసుకరాయి లాంటి పొరల రాళ్లున్న చోటికి వెళ్లండి.

ఇక ఆ ముద్ర. రాతి పగులులో నల్లగా, కొమ్మల్లా చీలుతూ పోయిందంటే అది చాలావరకు డెండ్రైట్. మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లు నీటితో పగుళ్లలోకి చేరి అలా అల్లుకుంటాయి. చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ మొక్క కాదు. నిజమైన ఆకు ముద్రలో సాధారణంగా ఈనెలు, అంచు కనిపిస్తాయి.

సుత్తితో మాత్రం మొదలుపెట్టొద్దు, ప్లీజ్. వాలు కింద ఇప్పటికే రాలిపడిన రాళ్లను ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండలో నెమ్మదిగా చూడండి, నీడలు పడి గీతలు తేలతాయి. నిట్టనిలువు కొండ కింద నిలబడకండి. స్థల యజమాని అనుమతి, అక్కడి నియమాలు ముందే కనుక్కోండి.

ఏదైనా దొరికితే ఏ చోట, ఏ పొరలో దొరికిందో అప్పుడే రాసుకుని ఫొటో తీయండి. ఆ వివరం పోతే శాస్త్రపరంగా దాని విలువ చాలావరకు పోయినట్టే. వెనిగర్‌తో కడగొద్దు, సున్నపు శిలాజాలను అది తినేస్తుంది.