అనుమానించే భర్త కోసం ఉద్యోగం మానేస్తే గొడవలు తగ్గుతాయా?

రోజూ ఫోన్ చెక్ చేస్తాడని, ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తాడని, ఉద్యోగం మానేస్తే అంతా సర్దుకుంటుందని పెద్దవాళ్ళు అంటున్నారని రాశారు. మానేయకండి.

మా అక్క మానేసింది. బావకి మొదట్లో ఆమె పనిచేసే బడి హెడ్మాస్టర్ మీద అనుమానం. బడి మానేశాక అది గ్యాస్ బండ వేసే కుర్రాడి మీదకి మళ్ళింది. మేడ మీద బట్టలు ఆరేసి రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసేవాడు. కాల్ లిస్ట్ చూపిస్తే "డిలీట్ చేసి చూపిస్తున్నావు" అనేవాడు. పిల్లల మీద ఒట్టేస్తే, "దేనికైనా తెగించావన్నమాట!"

పంచాయితీలో మా పెదనాన్న "ప్రేముంటేనే కదమ్మా అనుమానం" అని తేల్చేశాడు. ఆ మాట ఎన్ని కొంపలు ముంచిందో!

చివరికి పనికొచ్చింది సైకియాట్రిస్టే. "నీకు జబ్బు, పద" అంటే ఎవరు వస్తారు? బావకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, ఆ వంకతో తీసుకెళ్ళాం. ఎంత నచ్చజెప్పినా పోని నమ్మకాన్ని డెల్యూషన్ అంటారని, బాగా తాగేవాళ్ళలో భార్య మీద ఇలాంటి అనుమానం ముదరడం కద్దని, దానికి మందులున్నాయని డాక్టరు చెప్పారు. తాగుడు ఆపి మాత్రలు వాడాక మెల్లగా నెమ్మదించాడు. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. మధ్యలో మాత్రలు ఆపేస్తే మళ్ళీ మొదలైంది. "మాత్ర వేసుకుంటేనే కాపురం" అని అక్క తెగేసి చెప్పింది. ఇప్పుడు వేరే బడిలో చేరింది.

అందరిదీ జబ్బు కాదు, కొందరికి అది పెళ్ళాన్ని గుప్పిట్లో పెట్టుకునే పద్ధతి. ఏదో తేల్చాల్సింది డాక్టరు, మీ అత్తగారు కాదు. ఆయన రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కొడితేనే కేసు అనుకోకండి. 2005 గృహహింస చట్టం ప్రకారం శీలం మీద నిందలు వేయడం, ఉద్యోగం చేయనివ్వకపోవడం కూడా హింసే. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ వివరాలు చెబుతారు. అక్కడ కౌన్సెలింగ్, న్యాయ సలహా దొరుకుతాయి, అవసరమైతే కొద్ది రోజులు ఉండొచ్చు కూడా.

చెయ్యి చేసుకున్నా, చంపుతానని బెదిరించినా మందులు పనిచేసేదాకా ఆగొద్దు. 112కి ఫోన్ చేసి పిల్లలతో సహా బయటపడండి. సర్టిఫికెట్లు, పాస్‌బుక్కు ఈ వారమే మీ అమ్మగారింట్లో పెట్టేయండి.