పేపర్ కంటే ముందు హాలు చూసుకో: ప్రొజెక్టర్ గురించి బాబాయ్ ఉత్తరం

అమ్మలూ,

ఆశీస్సులు. వచ్చే వారం వేరే కాలేజీలో పేపర్ చదవాలని, ప్రొజెక్టర్ అనగానే టెన్షన్‌గా ఉందని రాశావు. నా ఉద్యోగమంతా సెమినార్ హాళ్లలో ఈ వైర్ల మధ్యే గడిచింది కాబట్టి చెబుతున్నాను. నీ పేపర్ బాగానే ఉంటుంది, ముందు ఆ హాలు సంగతి కనుక్కో. ఇవాళే వాళ్లకు ఫోన్ చేసి అడుగు: ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ (ఇప్పటి టీవీలకు పెట్టేది, బొమ్మా శబ్దమూ రెండూ మోస్తుంది) ఉందా, పాత రకం వీజీఏ ఒక్కటేనా? ఆ కేబుల్ నువ్వు నిలబడి మాట్లాడే బల్ల దాకా వస్తుందా?

మూడు వరుసల్లో 15 పిన్నులుండి, రెండు పక్కలా మరలు బిగించే నీలం మూతి కేబుల్ వీజీఏ. పాత హాళ్లలో ఇంకా అదే ఉంటుంది. నీ కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేదు కదా, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ ఒకటి కొనుక్కో. ఒక కొసన హెచ్‌డీఎంఐ, ఇంకో కొసన వీజీఏ ఉన్న ఉత్త కేబుల్ ఇస్తే తీసుకోకు. డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్ లోపల లేకపోతే తెర మీద ఏమీ రాదు. సీ టైప్ పోర్టును కూడా గుడ్డిగా నమ్మకు. కొన్నిటిలో చార్జింగు, డేటా తప్ప బొమ్మ బయటికి రాదు. సీ టైప్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ తెచ్చుకుని ఇంట్లో టీవీకి పెట్టి చూస్తే తేలిపోతుంది.

హాల్లో ప్రొజెక్టర్ వెలిగాక కేబుల్ పెట్టు. "నో సిగ్నల్" అని పడితే కంగారు పడకు. రిమోట్ మీద సోర్స్ బటన్ నొక్కి, కేబుల్ ఏ పోర్టుకు ఉందో దాన్ని ఎంచుకో. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట పట్టుకుని పీ నొక్కు. నాలుగు మాటలు కనిపిస్తాయి. డూప్లికేట్ అంటే నీ ముందున్నదే తెర మీదా ఉంటుంది. నీకు వాట్సాప్ మెసేజ్ వచ్చినా హాలంతా చదువుతారు. నువ్వు ఎక్స్‌టెండ్ పెట్టుకో. అప్పుడు పవర్‌పాయింట్‌లో ప్రెజెంటర్ వ్యూ పనిచేస్తుంది: సభకు స్లైడ్ ఒక్కటే, నీకు నోట్స్, తర్వాతి స్లైడ్, గడిచిన సమయం. ఒక్కోసారి తారుమారై నోట్స్ తెర మీదికి పోతాయి. పైన డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్వాప్ అని ఉంటుంది, అది నొక్కితే సర్దుకుంటుంది. ఈ ఒక్క పని ఇంట్లో టీవీతో చేతికి అలవాటయ్యేదాకా చెయ్యి.

ఇక నాకు అన్నిటికంటే దిగులుగా ఉన్నది నీ తెలుగు స్లైడ్ల గురించే. పద్యాలు డీటీపీ వాళ్లు వాడే అనూ ఫాంట్లలో కొట్టించినవైతే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరవగానే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. చాలా సెమినార్లలో టైం కలిసొస్తుందని అందరి ఫైళ్లూ ఒకే కంప్యూటర్‌లో వేస్తారు, అక్కడే దెబ్బ తగిలేది. అంతా యూనికోడ్‌లోకి మార్చు, అది అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల పద్ధతి. నిర్మలా యూఐ అనే యూనికోడ్ ఫాంట్ విండోస్‌తోనే వస్తుంది కాబట్టి బెంగ లేదు. మండలి లాంటి అందమైన ఫాంటే కావాలంటే, సేవ్ చేసేటప్పుడు ఫాంట్లను ఫైల్లోనే పొదిగే ఆప్షన్ పెట్టు. ఏది చేసినా పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండి తీరాలి. అందులో అక్షరం మారదు.

అక్షరం సైజు 28 కంటే తగ్గించకు. ఇంగ్లిష్ చిన్నగా ఉన్నా చదవచ్చు, మన ఒత్తులు చివరి బెంచీ వాళ్లకు ఆనవు. వరుసల మధ్య ఖాళీ కూడా పెంచు, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. కర్టెన్లు సరిగా పడని హాల్లో తెల్లటి నేల మీద నల్లటి అక్షరమే కనిపిస్తుంది. నీలం మీద ఎరుపు అసలు వద్దు. స్లైడుకి ఒక్క పద్యం చాలు.

పాడిన పద్యం వినిపిస్తానన్నావు. వీజీఏలో శబ్దం వెళ్లదు. హెచ్‌డీఎంఐ అయితే ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్లోకి పోయి సన్నగా వినిపిస్తుంది. మైక్ సెట్ అబ్బాయిని ముందే కలిసి హెడ్‌ఫోన్ పోర్టుకు వైరు అడిగి పెట్టించుకో. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కితే శబ్దం ఎటు పోవాలో మార్చుకోవచ్చు.

చార్జర్ తగిలించే ఉంచు, కాసేపు ముట్టుకోకపోతే తెర ఆరిపోయే స్లీప్ సెట్టింగ్ ఆపెయ్యి. మధ్యలో జనం నీ వైపు చూడాలనుకుంటే కీబోర్డు మీద బీ నొక్కు, తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది. ఎవరైనా ఏడో స్లైడ్ చూపించమంటే 7 కొట్టి ఎంటర్ నొక్కు.

మొదటి సెషన్‌కు గంట ముందే వెళ్లి, నీ ఫైలు ఆ తెర మీద మొదటినుంచి చివరిదాకా తిప్పి, వెనక బెంచీలో కూర్చుని చూడు. అయిపోయాక ప్రొజెక్టర్‌ని రిమోట్‌తో ఆపు, ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ తియ్యొద్దని అక్కడి అటెండర్‌కి చెప్పు. అడాప్టర్ వాళ్ల కేబుల్‌కే వదిలేసి రాకు.

స్లైడ్లు ఆదివారంలోగా పంపు, ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో నేనూ చూస్తాను.

మీ బాబాయ్