సంఘంలో సేవ చేస్తున్నా గుర్తింపు మీద ఆశ చావడం లేదు. తగ్గింపు, అంటే అణకువ, ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: "సంఘంలో పరిచర్య చేస్తున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే లోపల పొంగిపోతున్నాను, పట్టించుకోకపోతే రెండు రోజులు ముభావంగా ఉంటున్నాను. నా ఉద్దేశం శుద్ధి అయ్యేదాకా పరిచర్య మానేయనా?"

మానేయకండి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను ఒకసారి మానేయబోయాను.

నేను పాస్టర్ని కాను, బోధకుణ్ణి కాను. కుర్చీలు వేసేవాణ్ణి. ఎనిమిదేళ్లపాటు ప్రతి ఆదివారం ఆరాధనకు గంటన్నర ముందే వెళ్లి తాళం తీసి, కుర్చీలు తుడిచి, వరుసలు వేసి, అంతా అయ్యాక మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఇంటికొచ్చేవాణ్ణి. వరుస ఇసుమంత వంకరపోయినా సహించేవాణ్ణి కాదు. నేల మీద పలకల మధ్య గీత ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని వేసేవాణ్ణి. ఎవరైనా "పాపం, ఎంత కష్టపడుతున్నారండీ" అంటే "నాదేముందండీ, దేవునికే మహిమ" అనేవాణ్ణి. ఆ మాట అనడంలో ఎంత ఆరితేరానంటే, చివరికి ఆ మాటకే నాకు పేరొచ్చింది. "చాలా తగ్గింపు గల మనిషి" అనేవారు. ఆ పేరు నాకు ఎంత ముద్దో చెప్పలేను.

ఒక ఏడాది సంఘ వార్షికోత్సవంలో కృతజ్ఞతలు చెబుతున్నారు. పాటల బృందం, మైకు చూసేవాళ్లు, పిల్లల తరగతులు, పూలు అలంకరించినవాళ్లు, ఊడ్చినవాళ్లు, అందరి పేర్లూ వచ్చాయి. నా పేరు రాలేదు. మరిచిపోయారు, అంతే. దాని వెనక ఏ కుట్రా లేదు. తర్వాత అందరం తలలు వంచి ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు మూసుకుని ఏం చేశానో తెలుసా? గుణకారం. ఏడాదికి 52 ఆదివారాలు, ఎనిమిదేళ్లకు 416. నాలుగువందల పదహారు సార్లు కుర్చీలు వేస్తే ఒక్కసారి పేరు చెప్పలేకపోయారే అని.

మరుసటి ఆదివారం కావాలనే ఆలస్యంగా వెళ్లాను. తాళంచెవి ముందురోజే ఇంకొకరికి ఇచ్చేసి "ఒంట్లో బాగోలేదు" అని అబద్ధం కూడా చెప్పాను. నేను లేకపోతే ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసిరావాలని నా ఆశ. గుమ్మంలో అడుగు పెట్టేసరికి కుర్చీలన్నీ వేసి ఉన్నాయి. ఒక కాలేజీ కుర్రాడు వేశాడట. వరుసలు వంకర. మూడో వరుస మధ్యలో రెండు కుర్చీలు తీసేసి ఖాళీ వదిలేశాడు. చూడగానే ఒళ్లు మండింది. వెళ్లి ఆ రెండు కుర్చీలూ తెచ్చి పెట్టబోయాను.

"అంకుల్, అది తాతగారి కోసం" అన్నాడు ఆ కుర్రాడు.

చక్రాల కుర్చీలో వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు మా సంఘంలో. ఆయన ఎప్పుడూ వెనక, తలుపు పక్కన కూర్చునేవారు. అక్కడ ఉండటం ఆయనకు ఇష్టమనుకున్నాను ఇన్నేళ్లూ. నిజానికి నా వరుసల్లో ఆయనకు చోటు లేక అక్కడ ఉండేవారు. ఆ రోజు ఆయన మూడో వరుస మధ్యలో, అటూ ఇటూ మనుషుల నడుమ కూర్చుని పాడుతుంటే చూశాను. ఆ గొంతు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. 416 ఆదివారాలు నేను వరుసలకు సేవ చేశాను. మనుషులకు కాదు.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, మనుషులు చూడాలని ధర్మం చేసేవాళ్ల గురించి యేసు "వారు తమ ఫలము పొందియున్నారు" అంటాడు కదా. అక్కడ వాడిన గ్రీకు క్రియ ఆ రోజుల్లో రసీదుల మీద రాసే మాట. సొమ్ము పూర్తిగా ముట్టింది, ఇక బాకీ లేదు అని. అది తెలిశాక నా పరిస్థితి నాకే నవ్వొచ్చింది. "తగ్గింపు గల మనిషి" అన్న ప్రతి మెప్పుకీ నేను వారం వారం రసీదు రాసిస్తూనే ఉన్నాను, పైగా జీతం రాలేదని అలిగాను.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. ఉద్దేశం శుద్ధి అయ్యాకే సేవ చేస్తానంటే ఆ రోజు రాదు. యేసు చివరి రాత్రి ఆయన శిష్యులను చూడండి. తమలో ఎవరు గొప్ప అన్న వాదం భోజనం బల్ల దగ్గరే లేచిందని లూకా 22లో ఉంది. యోహాను 13 అదే రాత్రి సంగతి చెబుతుంది: యేసు లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి వాళ్ల కాళ్లు కడిగాడు. వాళ్ల ఉద్దేశాలు బాగుపడేదాకా ఆయన ఆగలేదు. ఆయనను శత్రువులకు అప్పగించబోయే యూదా ఇంకా గదిలోనే ఉన్నాడు. అతను బయటికి వెళ్లిపోయింది కాళ్లు కడగడం అయిపోయాక. నేను ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, అప్పగించబోయేవాడి మడమ కూడా ఆ చేతుల్లోకి వచ్చిందన్న సంగతి దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

ఇంకొకటి. ప్రసంగించడం పెద్ద పరిచర్య, కుర్చీలు వేయడం చిన్న పరిచర్య అని మన బుర్రల్లో ఒక నిచ్చెన ఉంటుంది. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. ఆ పంపకానికీ, అపొస్తలులు చేసే వాక్య పరిచర్యకీ గ్రీకు మూలంలో ఒకటే మాట, దియకోనియా. భోజనం బల్లల దగ్గర వడ్డించే పని నుంచి వచ్చిన మాట. ఆ బల్లల పనికి ఏడుగురిని ఎంచుకోవడానికి పెట్టిన అర్హత ఏమిటో చూడండి: మంచిపేరు ఉండాలి, ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండినవాళ్లై ఉండాలి. వడ్డించడానికి! నేను కుర్చీలు వేసిన ఎనిమిదేళ్లలో జ్ఞానం అవసరమని ఒక్కరోజూ అనుకోలేదు. జ్ఞానం ఉంటే ఆ ఖాళీ నేనే వదిలేవాణ్ణి.

నాకు ఉపయోగపడింది చెబుతాను. మంత్రమేమీ కాదు. ఎవరికీ కనిపించని పని ఒకటి పెట్టుకోవడం, దాని గురించి ఎక్కడా చెప్పకపోవడం. (ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను కదా అంటారు. నా పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. అయినా ఆ అనుమానం నాకూ ఉంది.)

ఆ పెద్దాయన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన మూడో వరుసలోకి వచ్చిన కొన్ని వారాలకు, క్షమాపణ అడుగుదామని వెళ్లాను. ఆయనకు నేను దేని గురించి మాట్లాడుతున్నానో అర్థం కాలేదు. కాసేపయ్యాక ఇబ్బందిగా "బాబూ, కాలిగోళ్లు తీసిపెడతావా? వంగలేను, అడగడానికి ఎవరూ లేరు" అన్నారు. గోళ్లు మందంగా, పసుపురంగుకి తిరిగి, పక్కలకు వంగి చర్మంలోకి దిగుతున్నాయి. మామూలు కత్తెర పనికిరాలేదు. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, తుడిచి, ఒక్కొక్క గోరునీ కొంచెం కొంచెంగా తీయాలి. తొందరపడితే నొప్పి. బొటనవేలి దగ్గర ఆయన ఊపిరి బిగబట్టడం వినిపించేది. రెండు కాళ్లకూ కలిపి ముప్పావుగంట పట్టింది.

ఇక్కడ నిజం చెప్పాలి. మోకాళ్ల మీద కూర్చుని నాలుగో వేలు పట్టుకుని ఉండగా, దీన్ని సంఘంలో సాక్ష్యంగా ఎలా చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. మొదలు కూడా సిద్ధం చేసేశాను. మొదటి నెలే కాదు, చాలా నెలలు అలాగే జరిగింది. పోయిందా అంటే పోలేదు. కానీ నెలకోసారి అదే పని చేస్తూ పోతే, ఒక రోజు ఆ వాక్యాలు రావడం మరిచిపోయాయి. ఆ రోజు నేను ఆలోచించింది మడమ పగులు గురించి, దానికి ఏ మందు రాయాలా అని. ఉద్దేశం ముందు శుద్ధై, తర్వాత పని మొదలవడం నా విషయంలో జరగలేదు. పని సాగుతుంటే ఉద్దేశం వెనకాల కుంటుకుంటూ వచ్చింది.

ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠాల కోసం రాసిన నియమావళిలో వంటింటి వంతు గురించి ఒక అధ్యాయం ఉంది, 35వది. వారం వారం వంతులు మారతాయి. వంతు దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి అందరి కాళ్లూ కడగాలి, గిన్నెలు శుభ్రంగా, పగలకుండా తిరిగి అప్పజెప్పాలి. బలహీనులకు తోడు మనిషిని ఇవ్వాలి, దిగులు లేకుండా పని చేసుకునేలా. నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ సేవ ఎవరి సొంతమూ కాదు, వంతు. తర్వాత మేమూ కుర్చీలకు వంతులు పెట్టుకున్నాం. ఇది నేను ఇష్టంగా ఒప్పుకున్నాననుకోకండి, గొణుక్కుంటూ ఒప్పుకున్నాను.

ఒక హెచ్చరిక కూడా. మీ ప్రశ్నలో "ఏ పని చెప్పినా కాదనలేకపోతున్నాను, కాదంటే గర్వం అంటారేమో" అని ఒక వాక్యం ఉంది. అది తగ్గింపు కాదు, భయం. ప్రధాన యాజకుడి ముందు బంట్రౌతు చెంపమీద కొడితే యేసు "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. ఫిలిప్పీ పట్టణంలో అధికారులు పౌలునూ సీలనూ విచారణ లేకుండా కొట్టించి చెరలో వేసి, మర్నాడు రహస్యంగా పంపేద్దామనుకుంటే, పౌలు తాము రోమా పౌరులమని చెప్పి, ఆ అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. జనం వెతుకుతుంటే యేసు అరణ్య ప్రదేశంలో ప్రార్థనలో ఉన్నాడు. వెతికి పట్టుకున్నాక కూడా ఆ ఊరికి తిరిగి వెళ్లకుండా పక్క ఊళ్లకు బయల్దేరాడు. "తగ్గించుకో" అనే మాటను ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడే పెద్దలు ఉంటారు. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకోవాలి. తనను తాను తగ్గించుకోవడం వేరు, ఇంకొకరిని తగ్గించడం వేరు. పని ఎక్కువై ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటుంటే ఆ పనుల్లో ఒకటి వదిలేయండి.

అన్నిటికంటే కష్టమైనది ఇంకా చెప్పలేదు. రెండేళ్ల కిందట నాకు నడుము పట్టేసింది. డాక్టరు మంచం దిగవద్దన్నారు. మా ఆవిడకూ అప్పుడే జ్వరం. ఆ సంగతి తెలిసి, మూడో వరుసలో ఖాళీ వదిలిన కుర్రాడే వచ్చాడు. "అంకుల్, ఒళ్లు తుడుస్తాను" అంటూ బేసిను, తువాలు పట్టుకుని నిలబడ్డాడు.

"వద్దు బాబూ, రేపటికి నేనే లేస్తాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత త్వరగా వచ్చిందో. గోళ్లు తీసేవాడిగా ఉండటం నాకు అలవాటైంది, అది బాగుంది. తీయించుకునేవాడిగా ఉండటమా? యేసు కాళ్లు కడగబోతే శిష్యుడు పేతురు "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నప్పుడు అది భక్తి అనుకునేవాణ్ణి. ఆ మంచం మీద పడుకుని చూస్తే భక్తిలా అనిపించలేదు. ఆ మాట వెనక తనకు సాయం అక్కర్లేదనే మనిషి కనిపించాడు. దానికి యేసు ఇచ్చిన జవాబు గట్టిది: నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు, అంటే వాటా, లేదు.

కుర్రాడు వెళ్లలేదు. బేసిను కింద పెట్టి, కుర్చీ ఒకటి మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాడు. "నీళ్లు చల్లారిపోతున్నాయి అంకుల్" అన్నాడు. కాసేపటికి నేను చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాను. మూడోది నాకు అందలేదు, అతనే విప్పాడు.