రెండో సీజన్ రాకపోతే

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఎంతో ఇష్టంగా చూస్తున్న చారిత్రక సీరియల్‌ని కథ మధ్యలో ఆపేశారని రాశావు. అంత బాగా రాసినవాళ్లకే ఈ గతి పడితే నాలాంటిదాన్ని ఎవరు రానిస్తారని అడిగావు. నువ్వు రాస్తున్నదీ చరిత్ర సీరియలే కాబట్టి నిన్ను ఓదార్చి ఊరుకోలేను. లోపల లెక్క ఎలా నడుస్తుందో నీకు తెలియాలి.

సీరియల్‌ని కొనసాగించాలా వద్దా అని కూర్చున్నప్పుడు అక్కడ నడిచే చర్చ అది బాగుందా లేదా అని కాదు. వచ్చే సీజన్‌కి ఎంతవుతుంది, దానికోసం ఎంతమంది ప్రేక్షకులు మిగులుతారు, కొత్తగా ఎవరొస్తారు అని. ఇప్పటి కాలం కథ అయితే ఈ లెక్కని ఎలాగోలా సర్దుకోవచ్చు. చరిత్ర కథకి మాత్రం అది ఏటేటా బిగుసుకుంటూ పోతుంది.

ఇద్దరు మనుషులు వీధిలో మాట్లాడుకుంటూ నడిచే సీన్ తీసుకో. ఇప్పటి కథలో వీధి సిద్ధంగా ఉంటుంది. నీ కథలో ఆ వీధిని కట్టాలి, లేదా ఎక్కడో దొరికిన పాత వీధిలో కరెంటు తీగల్నీ డిష్‌లనీ గ్రాఫిక్స్‌లో చెరపాలి. వెనక నడిచే ప్రతి మనిషికీ బట్టలు కుట్టాలి, జుట్టు దువ్వాలి, చెప్పులు కూడా ఆ కాలానివే వెయ్యాలి. గుర్రం ఉందంటే దాని వెంట శిక్షకుడు, డాక్టరు, మేత, బండి. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఇప్పటి కథలో హీరో చేతిలో ఫోన్‌కీ, తోలే కారుకీ కంపెనీలు డబ్బిస్తాయి. పదహారో శతాబ్దపు రాణి చేతిలో ఏ కంపెనీ ఏం పెట్టగలదు? ఆ ఆదాయం నీకు లేదు.

సెట్లు ఒకసారి కట్టేశాక రెండో సీజన్‌కి ఖర్చు తగ్గాలి కదా అంటావు. తగ్గదు. నటీనటుల కాంట్రాక్టుల్లో సీజన్ సీజన్‌కీ పారితోషికం పెరిగేలా రాసి ఉంటుంది. రెండు సీజన్ల మధ్య ఖాళీ నెలల్లో కూడా స్టూడియో స్థలానికి అద్దె కట్టాలి. కథ కొత్త ఊరికి వెళ్తే కొత్త సెట్టు. పైగా మొదటి సీజన్‌లో యుద్ధం చూపించిన రచయిత రెండోదాంట్లో ఇంకా పెద్ద యుద్ధం రాస్తాడు. అదే సమయంలో చూసేవాళ్లు తగ్గుతుంటారు. మొదటి సీజన్ చూడనివాళ్లు మూడోదానికి కొత్తగా రావడం అరుదు, చరిత్ర కథకి మరీ అరుదు. అన్ని పేర్లు, వంశాలు, పగలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నువ్వు తప్పకుండా తెలుసుకోవాల్సింది 'రోమ్' కథ. 2005లో అమెరికా ఛానల్ హెచ్‌బీఓ, బ్రిటన్ ఛానల్ బీబీసీ కలిసి తీసిన సీరియల్, ప్రాచీన రోమ్ కథ. రోమ్ నగరంలోనే చినెచిత్తా స్టూడియోలో ఆరుబయట ఎకరాల కొద్దీ స్థలంలో ఫోరం అనే నగర కూడలి, వీధులు, ఇళ్లు కట్టారు. మొదటి సీజన్‌కే దాదాపు 10 కోట్ల డాలర్లు అయ్యాయి. 2006లో దానికి అమెరికా టీవీ బహుమతులు ఎమ్మీలు వచ్చాయి. దేనికో తెలుసా? కళాదర్శకత్వం, దుస్తులు, కేశాలంకరణ, విజువల్ ఎఫెక్ట్స్. అంటే డబ్బు ఎక్కడ పోసారో అక్కడే బహుమతులు వచ్చాయి. ఆ పని అంత గొప్పగా ఉంది. ఆ గొప్పతనానికి అయ్యే ఖర్చే దాన్ని బతకనివ్వలేదు. బీబీసీతో ఒప్పందం రెండు సీజన్లకే. రెండోదే ఆఖరిదని 2006లోనే ప్రకటించారు.

రాసేవాళ్లుగా మనం చూడాల్సింది ఇక్కడి నుంచి. దాని ప్రధాన రచయిత బ్రూనో హెల్లర్ తర్వాత చెప్పినదాని ప్రకారం, సీరియల్ ఆగిపోతోందని ఆయనకి తెలిసేసరికి రెండో సీజన్ రాయడం సగంలో ఉంది. అసలు ఆలోచన ప్రకారం ఆ సీజన్ సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ మరణంతో ముగియాలి, మూడు, నాలుగు సీజన్లు ఈజిప్టులో నడవాలి, ఐదోది పాలస్తీనాకి వెళ్లాలి. తెర మీద ఏం జరిగిందో చూడు. రెండో సీజన్‌లో పది ఎపిసోడ్లు. బ్రూటస్ ఆరోదాంట్లోనే చనిపోతాడు. రెండు సీజన్లు పట్టాల్సిన ఆంటోనీ, క్లియోపాత్రాల కథ మిగిలిన నాలుగింటిలో ఇమిడింది. మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లలో సుమారు ఎనిమిదేళ్ల చరిత్ర నడిస్తే, రెండోదాంట్లో పది ఎపిసోడ్లకి పదమూడు, పద్నాలుగేళ్లు పరిగెత్తాయి. నువ్వు రెండు సీజన్లూ వరసగా చూడు. ఊపిరాడకుండా కథ పరుగందుకునే చోటు నీకే తెలిసిపోతుంది. ఆ నాలుగు ఎపిసోడ్లలో కూడా గొప్ప సీన్లు ఉన్నాయి, అందుకే నాకు ఇంకా బాధగా ఉంటుంది.

మిగతావి టూకీగా చెప్తాను. 'ది బోర్జియాస్' 2013లో మూడు సీజన్లతో ఆగింది. కథని ముగించడానికి రెండు గంటల సినిమా తీద్దామని దాని సృష్టికర్త నీల్ జోర్డన్ ప్రతిపాదిస్తే అది కూడా ఖర్చెక్కువైంది, ఆ స్క్రిప్టు ఈ-బుక్‌గా బయటికొచ్చింది. 'డెడ్‌వుడ్' విషయంలో 2006లో నటీనటుల కాంట్రాక్టుల గడువు పొడిగించకుండా వదిలేశారు. అలా వదిలేస్తే ఎవరి దారిన వాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోతారు, మళ్లీ అందర్నీ ఒకచోటికి చేర్చడం మహా కష్టం. దాని ముగింపు సినిమా 2019కి గానీ రాలేదు. 'రిప్పర్ స్ట్రీట్'ని బీబీసీ 2013 చివర్లో రెండు సీజన్లకి ఆపేసింది. అది ప్రసారమయ్యే సమయానికే ఇంకో ఛానల్లో బాగా జనాదరణ ఉన్న రియాలిటీ షో వస్తోంది, చూసేవాళ్లు పడిపోయారు. కొన్ని వారాలకే అమెజాన్ ముందుకొచ్చి దాన్ని బతికించింది, మొత్తం ఐదు సీజన్లు నడిచింది. రాత మారలేదు, డబ్బు పెట్టేవాళ్లు మారారు. ఈ ఒక్క ఉదాహరణ నీ మనసులో దిగులుకి సగం మందు.

ఓటీటీలో లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్ బ్రిటన్ ఎగువ సభ కమిటీకి రాసిన లేఖలో ప్రేక్షకుల్ని ఎలా లెక్కేస్తుందో చెప్పింది: మొదలుపెట్టినవాళ్లు, 70 శాతం చూసినవాళ్లు, 90 శాతం దాకా చూసినవాళ్లు. మొదటి 7 రోజుల్లో, 28 రోజుల్లో ఈ అంకెలెలా ఉన్నాయన్నది కీలకం. మెల్లగా ఎదిగే కథకి ఇది ప్రాణాంతకం. అదే సంస్థ తీసిన 'మార్కో పోలో' 2016లో రెండు సీజన్లకే ఆగింది, నష్టం 20 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇవన్నీ నిన్ను భయపెట్టడానికి కాదు. భయంతో రాస్తే ఇంకా నష్టం. ఎక్కడ ఆపేస్తారో అని ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక కత్తియుద్ధం, ఒక ప్రేమ సీన్ ఇరికించి, చరిత్రలో లేని పగలు పుట్టించి రాసినవీ ఆగిపోయాయి. నువ్వు ఆ పని చెయ్యకు.

నా సలహా ఇది. సీజన్ మొదట్లో ఏ ప్రశ్న వేశావో దానికి ఆ సీజన్ ముగిసేలోపే జవాబివ్వు. చరిత్ర ఎలాగూ ఆగదు, కొత్త ప్రశ్న ఎప్పుడూ దొరుకుతుంది. రాజు చనిపోతే కొడుకులున్నారు, యుద్ధం ముగిస్తే సంధి ఉంది. నువ్వు ఐదో సీజన్ కోసం దాచుకున్న ఆ గొప్ప సీన్‌ని మొదటి సీజన్‌లోకి లాక్కురా. అది లేకపోతే ఐదోది అసలు రాదు.

కథని గదుల్లోకి తెచ్చుకోవడం నేర్చుకో. కోట బయట పదివేలమంది సైన్యం నిలబడి ఉండగా లోపల నలుగురు లొంగిపోవాలా వద్దా అని వాదించుకునే సీన్ యుద్ధం కన్నా బిగువుగా ఉంటుంది. దానికి నాలుగు గోడలు, నలుగురు మంచి నటులు చాలు. అలాగని యుద్ధమే వద్దనను. సీజన్ మొత్తానికి బయట తీసి తీరాల్సిన పెద్ద సీన్ ఒకటో రెండో ఎంచుకుని, వాటికోసం నిర్మాతతో గట్టిగా పోట్లాడు. మిగతావి వదులుకోవడానికి సిద్ధపడితేనే ఆ పోట్లాటలో నీ మాటకి బరువుంటుంది.

నిర్మాత దగ్గర అడగడానికి మొహమాటపడకు. ఒప్పందం ఎన్ని సీజన్లకి? కొనసాగింపు నిర్ణయం ఎప్పుడు చెప్తారు, నువ్వు ఆఖరి ఎపిసోడ్ రాయడానికి ముందా తర్వాతా? డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది, ఎవరు ఎప్పుడు తప్పుకోవచ్చు? ఇవి రచయితకి అనవసరం అనేవాళ్లుంటారు. నీ ముగింపు ఎక్కడ పడాలో నిర్ణయించేది ఈ జవాబులే.

నీ మొదటి సీజన్ కథ పూర్తవగానే పంపించు. దాంతోపాటు విడిగా రెండు కాగితాలు కూడా పెట్టు. ఒకదాంట్లో నువ్వు వాడిన చోట్లన్నీ, ఒక్కో చోట ఎన్ని సీన్లున్నాయో రాయి. ఒక్క సీన్ కోసం ఏ కోట కట్టించమంటున్నావో అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం. రెండోదాంట్లో, ఈ సీజన్‌తోనే అంతా ఆగిపోతే ఆఖరి ఎపిసోడ్ ఎలా ముగిస్తావో రాయి. ముందు ఆ రెండోదే చదువుతాను.

ఆశీస్సులతో.